ఆరు సీసాలకు అభిషేకం

మిషిగన్‌లోని నోవై ఊళ్ళో మా తెలుగు క్రైస్తవ సహవాసంలో నేను సాక్ష్యం చెప్పడానికి లేస్తే పాస్టర్‌గారు గడియారం వంక చూస్తారు. అంత పొడుగు సాక్ష్యాలు నావి. ఈ ఒక్క సంగతి మాత్రం అక్కడ ఇంతవరకు చెప్పలేదు. భక్తితో ఒక ల్యాబ్‌ని ఎలా ముంచానో, అదీ నిజంగా నీళ్ళతో ముంచానో, ఇప్పుడు చెబుతాను. మీరు నవ్వొచ్చు. నా వంతు ఏడుపు అప్పుడే ఏడ్చేశాను.

ఎమ్మెస్ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఫ్యాక్టరీ చెత్తను పరీక్షించే ల్యాబ్‌లో. ఆ చెత్తను డంప్‌లో పోస్తే, ఏళ్ళ తరబడి తడిసి తడిసి అందులోంచి ఏ విషం కారుతుందో ముందే చూడటం మా పని. వంద గ్రాముల చెత్త, రెండు లీటర్ల పల్చటి ఎసిటిక్ యాసిడ్, అంటే వాసనకి అచ్చం వినెగరే, ఒక ప్లాస్టిక్ సీసాలో పోసి మూత బిగించాలి. ఆ సీసాల్ని జెయింట్ వీల్ లాంటి మిషన్‌కి బిగిస్తే, అది పద్దెనిమిది గంటలు వాటిని తలకిందులుగా తిప్పుతుంది. తర్వాత వడకట్టి, ఆ నీళ్ళలోకి ఏం దిగిందో చూడాలి.

మా సీనియర్ కెమిస్ట్ రామ్మోహన్ గారు. తెనాలి మనిషి, ముప్పై ఏళ్ళుగా మిషిగన్‌లోనే ఉన్నారు. ల్యాబ్‌లో అందరూ ఆయన్ని రామ్ అంటారు. నాకు నోరు రాక సార్ అనేదాన్ని.

"సార్ ఏంటమ్మా, ట్రాఫిక్ పోలీసుతో మాట్లాడినట్టు?" అనేవారు.

"అలవాటైపోయింది సార్."

నా ప్రొబేషన్ పది రోజుల్లో ముగుస్తుందనగా ఆయన మేనేజర్ దగ్గరికి వెళ్ళి, "ఈ బ్యాచ్ ఆ అమ్మాయి ఒక్కతే చేస్తుంది, పూచీ నాది" అని చెప్పి వచ్చారు. అది సరిగ్గా వస్తే ఉద్యోగం ఉంటుంది. రాకపోతే నా వీసా ఏమవుతుందో తల్చుకోవడానికే ధైర్యం లేదు.

ఆ బ్యాచ్ లోహపు సామాన్లకి పూత వేసే ఒక ప్లేటింగ్ షాప్‌ది. ఆరు డ్రమ్ముల బురద, ఆరు శాంపిళ్ళు. వాటిని ఇవ్వడానికి షాప్ యజమాని ముసలాయనే మంచులో జారుకుంటూ వచ్చాడు. "పాస్ అవుతాయి కదా?" అని అడిగాడు, పరీక్ష రాసిన పిల్లాడి తండ్రిలా. నా గుండె కరిగిపోయింది.

ఇక చూడండి నా తెలివి. మధ్యాహ్నం ల్యాబ్‌లో ఎవరూ లేని సమయం చూసి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి అభిషేక తైలం తీశాను. మామూలు ఆలివ్ నూనే, కానీ ఉపవాస ప్రార్థనలో మా పాస్టర్‌గారు ప్రార్థించి ఇచ్చినది. "ప్రభువా, ఈ ఆరింటిలో ఏ విషమూ బయటపడకుండా చూడు" అంటూ ఒక్కో మూత మీద ఒక్కో చుక్క రాశాను. ఒక్క చుక్క చాలదేమోనన్న అవిశ్వాసంతో ఇంకో చుక్క రాశాను. ఆ జిడ్డు గ్లౌజులతోనే మూతలు బిగించాను. చెయ్యి జారిపోతుంటే, బిగిసిపోయింది కాబోలు, ఇంక తిరగడం లేదు అనుకున్నాను. స్విచ్ వేసి, పాట పాడుకుంటూ ఇంటికి వెళ్ళాను.

మర్నాడు పొద్దున ల్యాబ్ తలుపు తీస్తే నేలంతా బూడిదరంగు మడుగు. సీసాల్లో అడుగున నాలుగు గుక్కలు మిగిలాయి. పక్క గదిలో పనిచేసే డేవ్ తల లోపలికి పెట్టి, వినెగరూ ఆలివ్ నూనే కలిసిన వాసన పీల్చి, "పొద్దున్నే సాలడ్ ఎవరు తెచ్చారు?" అన్నాడు.

రామ్మోహన్ గారు ఒక మూత చేతిలోకి తీసుకున్నారు. వేళ్ళు రుద్ది చూసుకున్నారు. నా వంక చూశారు.

"ఏమైందమ్మా?"

"మూతలు బాగాలేవేమో సార్." సహవాసంలో పిల్లలకి సత్యం గురించి పాఠం చెప్పే నోరే అది.

"అంతేనంటావా?"

"అంతే అనుకుంటా సార్."

"అయితే ఆ మూతల కంపెనీకి గట్టిగా ఒక ఉత్తరం రాయాల్సిందే" అని కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

ఆ రోజంతా నేల తుడిచాను. ఆయన టైప్ చేస్తున్న చప్పుడు వినపడినప్పుడల్లా తుడిచిన చోటే మళ్ళీ తుడిచాను. మర్నాడు పొద్దున నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పేశాను. నూనె, ప్రార్థన, రెండో చుక్కతో సహా.

"సారీ సార్. ఉత్తరం పంపించేశారా?"

ఆయన స్క్రీన్ నా వైపు తిప్పారు. "డియర్ సర్" అని ఉంది. కింద ఏమీ లేదు.

"నిన్ననే తెలుసమ్మా. ముప్పై ఏళ్ళు వినెగర్ పీల్చిన ముక్కు ఇది, నూనె కలిస్తే తెలియదా? నువ్వే చెబుతావని ఆగాను. పద్దెనిమిది గంటల్లో నిజం బయటికి వచ్చేస్తుందనుకున్నాను. నీకు ఇరవై నాలుగు పట్టింది."

నాకు ఏడుపొచ్చేసింది. ఆయన టిష్యూ డబ్బా జరిపారు.

"ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకు. విషం ఉంటే బయటికి తియ్యడానికే కదా మనకి జీతం ఇచ్చేది? అది బయటికి రాకూడదని నువ్వు ప్రార్థిస్తే, పాపం మీ దేవుడు ఎవరి మాట వినాలి?"

ఇన్నేళ్ళు విన్న ప్రసంగాల్లో ఏదీ నాకు అంత సూటిగా తగల్లేదు. దాచినదాన్ని వెలుగులోకి తెమ్మని అడగాల్సిన దాన్ని, దాచిపెట్టమని అడిగాను.

ఆయన మేనేజర్ దగ్గరికి వెళ్ళి, "జరిగింది తనే చెప్పింది, నా పూచీ అలాగే ఉంది" అన్నారు. మిగిలిన బురదతో మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి చేతులు కడుక్కుని, కొత్త గ్లౌజులు వేసుకుని, మూతలు బిగించి, "ప్రభువా, ఉన్నదే చూపించు" అన్నాను. రెండు డ్రమ్ముల్లో క్రోమియం హద్దు దాటింది. ముసలాయన రిపోర్ట్ చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మా మనవడి స్కూల్ ఆ డంప్ పక్కనే. ముందే తెలిసింది, మంచిదే" అన్నాడు.

నా ఉద్యోగం నిలిచింది. సార్ అంకుల్ అయ్యారు.

కాబట్టి పాఠకులారా, మీ ఆరుగురి ముందు, పోనీ మీరెంతమంది ఉంటే అంతమంది ముందు ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ మూతకీ నూనె రాయను, ఏ బురద తరఫునా దేవుడికి సిఫార్సు చెయ్యను.

ప్రమాణానికి ఒక్క మినహాయింపు ఉంది. మొన్న రిటైరయ్యే రోజున అంకుల్ నా డెస్క్ దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"వచ్చే వారం మోకాలి ఆపరేషన్. ఆ నూనె ఉందా ఇంకా?"

"ఉంది అంకుల్."

"ఒక చుక్క రాసి ప్రార్థన చెయ్యి. కానీ ముందు ఆ బల్ల మీద సీసా మూత బిగించిరా."