పద్నాలుగో విల్లా వంటమనిషి

సౌదీలో ఖోబర్ ఊరి పక్కనున్న ఆ అమెరికా వాళ్ళ కాంపౌండులో మస్తాన్ వలీని ఇరవై నాలుగేళ్ళూ సామ్ అనే పిలిచారు. పద్నాలుగో నంబరు విల్లాలో నాలుగేళ్ళకో కుటుంబం మారేది. వెళ్ళేవాళ్ళు వచ్చేవాళ్ళకు ఇంటి తాళాలు, వాషింగ్ మెషీన్ కాగితాలు, వంటమనిషి సామ్‌ను అప్పగించి పోయేవారు. మస్తాన్‌కు ముందు పనిచేసినవాడూ సామే. పిలిచేవాళ్ళ నోటికి సులువుగా ఉంటే చాలు కదా, అసలు పేరు పోయినవాడి బాధ ఎవడికి కావాలి! మొదట్లో మస్తాన్ నవ్వుకున్నాడు. తర్వాత అలవాటైపోయింది.

కిందటేడు ఆ విల్లాకు వచ్చిన డయాన్ మేడమ్ ఒక పుస్తకం మొదలుపెట్టింది. ఈ ఎడారిలో అమెరికా కుటుంబాలు ఎలా బతికాయో, ఏం వండుకు తిన్నాయో రాస్తుందట.

"పెద్ద ఆఫీసర్ల గురించి అందరూ రాస్తారు సామ్. నాకు మామూలు మనుషుల చరిత్ర కావాలి" అంది.

ఆ మామూలు మనుషుల సంగతి మస్తాన్‌కు తెలిసినంత ఎవరికి తెలుసు? నవంబరు పండక్కి టర్కీ కోడి కడుపులో ఎవరింట్లో ఏం కూరేవారో, మొక్కజొన్న రొట్టెలో చక్కెర వేస్తే టెక్సస్ ఆవిడ ఎందుకు అలిగేదో, అక్కడ తల్లి పోతే ఇక్కడ వంటింటి స్టూలు మీద కూర్చుని ఎవరు ఏడ్చారో, మూడు సాయంత్రాలు కూర్చుని చెప్పాడు. ఆవిడ అంతా ఫోన్లో రికార్డు చేసుకుంది. చివర్లో అతను తన పేరున్న సౌదీ గుర్తింపు కార్డు, ఇకామా తీసి చూపించి ఒక్కటే అడిగాడు.

"పుస్తకంలో నా అసలు పేరు వెయ్యండి మేడమ్."

"తప్పకుండా" అందావిడ.

పుస్తకం అచ్చుకు పోయి వచ్చే వేళకు, ఇంకో పది రోజుల్లో అతనికి ఫైనల్ ఎగ్జిట్, పని మానేసి శాశ్వతంగా ఊరికి ప్రయాణం. ప్రొద్దుటూరు నుంచి భార్య కరీమున్నీసా రోజూ ఫోనే.

"పుస్తకం చేతికి రాంగానే పేరుండే పేజీ ఫొటో కొట్టి పంపు. సందంతా చెప్పేసినా. చూపీకపోతే నా మొగం యాడ పెట్టుకోల్ల?"

పుస్తకం విడుదల రోజు అతను ఇస్త్రీ చొక్కా వేసుకుంటే డ్రైవర్ ఖాదర్ ఊరుకోలేదు.

"ఏంది మామా, పెండ్లికొడుకు మాదిరి తయారైనావు?"

"నా పేరు సూసుకోను పోతాండా లేరా."

క్లబ్బు హాల్లో గోడల నిండా పాత ఫొటోలు. ఒకదాంట్లో టర్కీ కోడి పళ్ళెం పట్టుకుని వంటమనిషి నవ్వుతున్నాడు. కింద అట్టముక్క మీద 'సామ్' అని ఉంది. పుస్తకంలోనూ అదే ఫొటో, అదే పేరు. ఆ మనిషి మస్తాన్ కాడు. అతనికి ముందున్నవాడు.

మస్తాన్‌కు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది, నలుగురు అతిథుల మధ్యలోంచి నడిచి వెళ్ళి మేడమ్ ముందు నిలబడ్డాడు.

"ఇది నేను కాదు. నా పేరు ఎక్కడా లేదు. ఇకామా చూపించాను కదా మేడమ్!"

ఆవిడ ముఖం ఎర్రబడింది. "పాత ఆల్బంలో సామ్ అని రాసి ఉంటే నువ్వేననుకున్నాను, అందులో ఉన్న పేరే వేసేశాను. నాదే తప్పు" అంది. పుస్తకం అచ్చయిపోయింది, మళ్ళీ వేసేటప్పుడు మారుస్తానంది. గోడ మీద మాత్రం ఇప్పుడే సరిచేద్దామని కొత్త అట్ట తెప్పించి, అక్షరం అక్షరం అడిగి 'ఈ కబుర్లన్నీ చెప్పింది మస్తాన్ వలీ' అని రాసింది. అది చూస్తే అతని కళ్ళు చెమర్చాయి.

ఆవిడ ఇంకో అట్ట తీసుకుంది. "మరి ఈ ఫొటోలో ఉన్నతని పేరు?"

మస్తాన్ నోరు తెరిచాడు. పనిలో చేరిన కొత్తలో ఆరు వారాలు ఆ మనిషితో ఒకే గదిలో ఉన్నాడు, ఒకే పళ్ళెంలో తిన్నాడు. ఓవెన్ వాడటం నేర్పిందీ అతనే, జనవరి చలిలో తన దుప్పటి తీసి కప్పిందీ అతనే. ఏ ఊరో, ఇంట్లో ఏమని పిలుస్తారో ఒక్కనాడూ అడగలేదు. సిగ్గుతో మస్తాన్ తల వంగిపోయింది.

ఆవిడ పెన్ను పట్టుకుని ఎదురు చూస్తోంది.

"సామ్" అన్నాడు మస్తాన్ వలీ.