ఆరో వంతూ పావూ

చివరి సాళ్లకు చేరకముందే నీళ్లు మళ్లిపోయాయి. మళ్లించినవాడు యూసుఫ్, హుసేనమ్మకు సొంత మరిది. ఆమె చివరి సాళ్లలో మిరప ఆకు ముడుచుకుని, కాయ పట్టకుండానే వాడిపోతోంది.

"నీ వంతు అయిపాయె వదినా," అన్నాడతను తన చేనిలోకి నీళ్లు పారేలా కాలువ మడవ తెంచుకుంటూ.

కోయిలకుంట్ల దగ్గరి ఆ పల్లెలో ఆ బోరును మూడిళ్లవాళ్లు కలిసి వేయించారు. సగం హుసేనమ్మ మామది, పావు శ్రీనివాసులుది, పావు రామకోటయ్యది. మామ పోయాక ఆయన సగాన్ని ముగ్గురు కొడుకులూ సమంగా పంచుకున్నారు. అలా ఆమె భర్త హబీబుకు ఆరో వంతు వచ్చింది. హబీబూ పోయాడు. రామకోటయ్య కల్లూరులో అంగడి పెట్టుకుంటూ పొలం అమ్మేస్తే, హుసేనమ్మ రెండు పాడి ఎనుములు అమ్మి ఆ పొలాన్నీ దానితో పావు నీళ్లనూ కొనుక్కుంది.

ఆ రోజు లెక్క కట్టింది పదో తరగతి చదివిన యూసుఫే. బురదలో పుల్లతో గీశాడు. పైన ఒకటీ ఒకటీ రెండు, కింద ఆరూ నాలుగూ పది. పదింట్లో రెండు, అంటే ఐదో వంతు. పగలు కరెంటు ఉండేది తొమ్మిది గంటలు. అందులో ఆమెకు రెండు గంటలకు కాస్త తక్కువ. అందరూ తలలూపారు. ఆమె కూడా ఊపింది.

ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండింది. భర్త వంతు ఒక్కటే ఉన్నప్పుడు గంటన్నర పారేది. ఇంకో పావు కొన్నాక పెరిగింది అన్నం ఉడికేంత సేపు! తప్పు ఎక్కడో ఉంది. ఎక్కడుందో చూపించలేకపోతే మాత్రం ఆ మగవాళ్లు తనను మాట్లాడనివ్వరు.

పక్కింటి షాహీనా, టీచరు ఉద్యోగపు పరీక్ష కోసం చిన్న తరగతుల లెక్కలు మళ్లీ మొదటినుంచి చదువుతోంది. హుసేనమ్మ పోయి ఎదురుగా కూర్చుంది.

"భిన్నాలు చెప్పు పాపా."

"పరీక్షకు నువ్వు గూడా కూసుంటావా ఏం పెద్దమ్మా?"

"కూసుంటా. నీ ఉద్యోగం నాకే వచ్చాది చూడు."

ఐదో తరగతిలో ఆమె ఈ పాఠం చదివిందే. తర్వాత పత్తి ఏరే పనుల్లో పడి మరిచిపోయింది.

"వంతులన్నీ ఒకే సైజు కాకుండా కూడగూడదు పెద్దమ్మా. పెద్ద ముక్క, చిన్న ముక్క కలిపి రెండు ముక్కలంటే ఎట్ల?" అంది షాహీనా. ఇంకా చెప్పబోతే హుసేనమ్మ చేయి అడ్డం పెట్టింది.

"చాలు. మిగతాది నేనే చేసుకుంటా. ఆడ అడిగేది నన్ను."

ఇంటికొచ్చి చింతపిక్కలు పోసుకుంది. పదింట్లో ఆరో వంతు రాదు. ఎనిమిదిలో పావు వస్తుంది, ఆరో వంతు రాదు. పొయ్యి మీద చారు పొంగినా లేవలేదు. పన్నెండు పేర్చింది. ఆరో వంతు రెండు, పావు మూడు. మొత్తం ఐదు. చెరిపి మళ్లీ పేర్చింది. ఐదే. తొమ్మిది గంటలను పన్నెండు భాగాలు చేస్తే ఒక్కోటి ముప్పావు గంట. ఐదు ముప్పావులంటే పావు తక్కువ నాలుగు గంటలు.

మరునాడు యూసుఫ్ వచ్చేసరికి ఆమె మడవకు అడ్డంగా, పార ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"లెయ్ వదినా, అయిపాయె."

"యాడ అయిపాయె? ఇంకా ఉండాది."

మాట పెరిగింది. పక్క చేనిలోంచి శ్రీనివాసులు వచ్చాడు. "ఏమ్మా, ఆ పొద్దు అందరం ఒప్పుకున్యాం గదా?"

"ఒప్పుకునింది తప్పు లెక్క. నేను కొనింది ఎంతప్పా?"

"పావు."

"ఐదో వంతు పావు కంటే తక్కువా, ఎక్కువా?"

"తక్కువే."

"మరి పావుకు నా మొగుని వంతు గూడా కలిపితే పెరగాల గానీ ఎట్ల తగ్గె?"

శ్రీనివాసులు యూసుఫ్ వైపు చూశాడు. యూసుఫ్ మొహం ఎర్రబడింది. "ఐదో తరగతి చదివి నాకు లెక్కలు చెప్తాండావా?"

"ఇది ఐదో తరగతి లెక్కే నాయనా. పదికి పోతా పోతా దీన్ని ఈడ్నే పారేసుకున్యావు."

శ్రీనివాసులుకు నవ్వొచ్చింది. ఆమె అతని వైపు తిరిగింది. "నగద్దప్పా. దినామూ రెండు గంటల నా నీళ్లు యాడికి పోతాండాయి? నీ చేను గూడా శానా పచ్చగుండాది."

ఆ నవ్వు ఆగిపోయింది. పన్నెండు భాగాల లెక్క ఆమె వరసగా చెబుతుంటే అతను వేళ్లు ముడుచుకుంటూ విన్నాడు. చివరికి కండువా దులుపుకుని, ఎవరి వైపూ చూడకుండా తన చేనికి వెళ్లిపోయాడు.

"పెద్దమనుషుల్ని పిలుస్తా," అన్నాడు యూసుఫ్, గొంతు తగ్గించి.

"పిల్చుకో. వాళ్లకూ ఇదే చెప్తా." హుసేనమ్మ లేవలేదు. వెనక కాలువలో నీళ్లు ఆమె చేనిలోకే పోతున్నాయి. "నా వంతు ఇంకా శానాసేపు ఉండాది. అందాక నిలబడితే కాళ్లు నొస్తాయి, గట్టు మీద కూసో."