రెండో చెయ్యి ఖాళీగా లేదు

ఆకాశంలోంచి దిగి వస్తున్న సాయాన్ని చేత్తో సైగ చేసి వెనక్కి పంపిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? ఇదిగో, మీతో మాట్లాడుతున్నాడు. జరిగిన ఘోరమంతా చెబుతాను. నవ్వు వస్తే ఆపుకోకండి. మా అటవీ రేంజి మొత్తం నవ్వి అలసిపోయాకే మీ వంతు వచ్చింది.

అప్పుడు నాకు అచ్చంపేట పైనున్న నల్లమల అడవిలో బీట్ ఆఫీసరుగా కొత్త ఉద్యోగం. యూనిఫాం కుట్టిన కల్వకుర్తి దర్జీ నా బక్క నడుముకు టేపు చుట్టి చూసి, ఆ కొలత వదిలేసి తనకు తోచిన కొలత వేసుకున్నాడు.

"నౌకరి వచ్చింది గద తమ్మీ, రేపు లావైతవ్. జర లూజు కుడ్త."

ఎండాకాలమంతా గుట్టలెక్కి దిగే ఉద్యోగమని పాపం ఆయనకు తెలియదు. లావెక్కడం అటుంచి, హోళీ దాటేసరికి ఉన్న కండ కూడా కరిగింది. ఆ ప్యాంటుకూ నాకూ మధ్య సంబంధం తెగిపోకుండా కాపాడింది ఒక్క బెల్టే.

ఆ వేసవిలో అడవికి నిప్పు మరీ ఎక్కువగా అంటుకుంటోందని కొన్నాళ్లపాటు హెలికాప్టర్ తెప్పించారు. అది కింద పెద్ద బకెట్టు వేలాడదీసుకుని, కృష్ణలో నీళ్లు ముంచుకొచ్చి మంటల మీద కుమ్మరించేది. దాంతో ఎలా పని చేయాలో నేర్చుకు రమ్మని మా రేంజి నుంచి నన్నొక్కణ్ణే హైదరాబాద్ శిక్షణకు పంపారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషినే. తిరిగొచ్చేటప్పుడు సగం పైలట్‌ని. నిప్పు కాపలా వాచర్లందరినీ కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను.

"హెలికాప్టర్ చప్పుడుకు మన మాట ఇనపడదు. సైగనే మాట. రెండు చేతులు మీదికెత్తి నిలబడితే 'రాండ్రి, సాయం గావాలె' అన్నట్టు. ఒక చెయ్యి మీదికి, ఒక చెయ్యి కిందికి పెడితే 'వద్దు, పోండ్రి' అన్నట్టు. యాది వెట్టుకోండ్రి!"

వాచర్లలో పెద్దదైన లక్ష్మమ్మక్క చెంగుతో మొహం తుడుచుకుంది.

"గీ రెండు ముచ్చట్లు నేర్వనీకె హైదరాబాద్ దాంక పోయినవా సారూ?"

"నవ్వులాట గాదక్కా. తప్పు జేస్తే పానాల మీదికి వస్తది."

ఒక మధ్యాహ్నం గుట్ట కింద అంటుకున్న మంట ఎండుగడ్డి పట్టుకుని పైకి బయల్దేరింది. నిప్పుకు దిగుడు కన్నా ఎక్కుడంటేనే ఇష్టం. మనకు ఆయాసం వచ్చే చోట దానికి ఊపు వస్తుంది. పైనున్న గడ్డిని ముందే వేడి చేసుకుంటూ పరుగు పెడుతుంది. అందుకే మేం దానికి ఎదురుగా కాక పక్కన, అప్పటికే కాలి నల్లబడిన నేలను ఆనుకుని నిలబడ్డాం. బ్లోయర్లతో ఎండుటాకులు ఊది పారేస్తూ మంట దాటలేని బాట తీస్తున్నాం.

మా సెక్షన్ ఆఫీసరు నర్సింహ సారు కూడా మాతోనే ఉన్నారు. భారీ మనిషి, మంచి మనిషి. మమ్మల్ని నీడకు తోలి తాను ఎండలో నిలబడే రకం. ఉన్నట్టుండి ఆయన నా వైపు తిరిగారు.

"శాంతా, బువ్వ వెట్టు."

శాంతమ్మ ఆయన భార్య.

నవ్వబోయి ఆగిపోయాను. సారు కళ్లు నన్ను చూడటం లేదు. చెయ్యి పట్టుకుంటే పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. నేను పట్టుకునేలోపే కూలబడ్డారు.

"ఎండదెబ్బ! నీళ్లు తేండ్రి!"

"తాపాల్నా సారూ?" అంది లక్ష్మమ్మక్క.

"సోయి లేనప్పుడు తాపొద్దు, ఊపిరిల వడ్తయ్. ఒంటి మీద వొయ్యుండ్రి!"

కాలిపోయిన నేల మీదికి మోసుకెళ్లాం. కాలడానికి ఏమీ మిగలని ఆ జాగాలోకి నిప్పు మళ్లీ రాదు. బూట్లు, అంగీ విప్పి, క్యాన్లలో ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోశాం. అందరి తువ్వాళ్లూ తడిపి మెడకూ చంకలకూ పెట్టాం. ఆకులు ఊదే బ్లోయర్‌ను ఫ్యాను చేసి దూరం నుంచి సారు మీదికి తిప్పాం. నేను వాకీటాకీలో రేంజి ఆఫీసరుకు చెప్పాను, వెంటనే ఆయన జవాబు వచ్చింది.

"హెలికాప్టర్ బకెట్టు ఇడిసిపెట్టి మీ దిక్కే వస్తది. సీదా పాలమూరు దవాఖానకు తీస్కపోతరు. దింపుకునే పని నీదే. వాళ్లింటికి నేను ఫోన్ చేస్త. ఓవర్."

రెండు వెదురు బొంగులకు దుప్పటి చుట్టి స్ట్రెచర్ చేశాం. కానీ ఆ భారీ శరీరం ఒకవైపుకు జారిపోతోంది. కట్టడానికి తువ్వాలు కూడా మిగల్లేదు. అప్పుడు నేనేం చేశానో చూడండి. నడుము మీది బెల్టును ఒర నుంచి కత్తి దూసినట్టు సర్రున లాగి, సారును బొంగులకు బిగించాను. నా అంత వీరుడు నల్లమలలో లేడనిపించింది. ఆ వీరత్వం హెలికాప్టర్ గుట్ట దాటి వచ్చేదాకా ఉంది.

నేలంతా బూడిదే కదా, రెక్కల గాలికి నల్ల మబ్బులా లేచింది. వాచర్లు సారు మొహం మీద తడి తువ్వాలు కప్పి తలలు వంచుకున్నారు. పైలట్‌కు కనబడేటట్టు నేనొక్కణ్ణే నిలబడి రెండు చేతులూ ఎత్తబోయాను. సరిగ్గా అప్పుడే గాలి నా లూజు ప్యాంటులోకి దూరి దాన్ని గుడారంలా ఉబ్బించింది. గుడారం కిందికి బయల్దేరింది.

ఎడమ చెయ్యి నన్నడక్కుండానే వెళ్లి నడుము పట్టుకుంది. కుడిచెయ్యి పైనే ఉంది. లోపల ఏం తొడుక్కున్నావని మాత్రం అడగకండి. బీట్ ఆఫీసరు హోదాకు తగినది కాదు.

హెలికాప్టర్ పైనే ఆగింది. నేను కుడిచెయ్యిని ఇంకా పైకి చాచాను. అది ఒక్క క్షణం ఆలోచించినట్టు ఊగి, పక్కకు వాలి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

"అరె, ఏడికి పోతాంది?" అని లక్ష్మమ్మక్క అరిచింది.

వాకీటాకీ గురగురలాడింది.

"వద్దని సైగ చేసింది ఎవరయ్యా? ఓవర్."

"నేనే సార్. రమ్మనే అన్న సార్. ఓవర్."

"ఒక్క చెయ్యే ఎత్తినవంట గద?"

"రెండో చెయ్యి ఖాళీగా లేకుండె సార్."

"ఏం పట్టుకున్నవ్?"

"ప్యాంటు సార్. ఓవర్."

ఎక్కడో పక్క బీటు నుంచి వినయంగా ఒక గొంతు: "సార్, ఆఖరు మాట సాఫ్ ఇనపడలే. మళ్లొక్కపారి చెప్పుండ్రి. ఓవర్."

ఆ మంటలు నన్ను తీసుకుపోయినా బాగుండేదనిపించింది. హెలికాప్టర్ మళ్లీ రావడానికి ఇంధనం చాలదు, ఖాళీగానే పాలమూరు పోతోంది; పొగ కూడా మా వైపే తిరిగింది. జీపు గుట్ట కిందికి వస్తుందని, మోసుకుని దిగమని చెప్పారు. ఒక భుజం మీద బొంగు, ఒక చేతిలో ప్యాంటు. సారుకు ఏమన్నా అయితే శాంతమ్మకు ఏ మొహం చూపాలా అనుకుంటూనే దిగాను. లక్ష్మమ్మక్క దారిలో ఒక తీగ తెంపి నా చేతికిచ్చింది. నడుముకు కట్టుకున్నాను.

సగం దిగాక స్ట్రెచర్ మీంచి మాట వినపడింది.

"ఎవడ్రా నా అంగి ఇప్పింది?"

అంత తియ్యటి తిట్టు నేను ఇంతవరకు వినలేదు.

అచ్చంపేట దవాఖానలో డాక్టరమ్మ సారును పరీక్షించి, అక్కడికక్కడే ఒళ్లు చల్లార్చడం మంచిదయిందని చెప్పింది. సాయంత్రానికి సారు లేచి కూర్చున్నారు. అప్పుడే శాంతమ్మ బంధువులందరితో దిగింది. హెలికాప్టర్‌లో వస్తున్నాడని చెబితే ఏడ్చుకుంటూ పాలమూరు పోయి, అక్కణ్ణుంచి బస్సులు మారి వచ్చిందట.

"మోటర్ ఎగురుకుంట వచ్చిందిగని అండ్ల నువ్వు లేకపోతివి. నా పానం పోయిందనుకో!"

సారు మెల్లగా నా వైపు తిరిగారు.

"జన్మల ఒక్కపారి హెలికాప్టర్ ఎక్కే యోగం వచ్చె. వద్దన్న గాడిది ఎవడ్రా?"

చెప్పాను. ప్యాంటు సంగతితో సహా. సారు నవ్వుతుంటే సెలైన్ సీసా ఊగింది. గుమ్మం దగ్గర నిలబడ్డ లక్ష్మమ్మక్క మాత్రం నవ్వలేదు. నిజంగానే నొచ్చుకుంది.

"జర ఒక్క మాట చెప్తే మేమంత కండ్లు మూసుకుందుము గద సారూ."

అందుచేత అగ్నిసాక్షిగా, అడవిసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఆకాశం నుంచి ఏ సాయం దిగివచ్చినా రెండు చేతులూ ఎత్తే నిలబడతాను. నడుము కింద సంభవించే పరిణామాలకు నేను బాధ్యుణ్ణి కాను.