తెప్పెయి ఎత్తే చెయ్యి

డుస్సెల్‌డార్ఫ్ స్టేషన్ ఎదురుగా ఉన్న మా జపాన్ వాళ్ల వీధిలో నెగిషి తెప్పెయి తెలియనివాళ్లు లేరు. అలాగని అతను పేపర్లో పెద్ద ఫొటో పడేంత ఆటగాడేం కాదు. జర్మనీ మూడో డివిజన్లో, నదికి అవతలి ఊరి టీమ్‌లో ఎడమవైపు డిఫెండర్. అక్కడి ప్రేక్షకుల్లో సగం మందికి అతని పేరు నోరు తిరగదు, "టెప్పి, టెప్పి" అని కేకలు పెడతారు. మా వాళ్లకి మాత్రం అతను ఫుసాయె అత్త ఇంట్లో పై అంతస్తులో ఉండే కుర్రాడు. ముప్పై దాటినా కుర్రాడే. దారిలో ఎవరి సంచి బరువుగా కనిపించినా అందుకుంటాడు. ట్రాములో ఎవరైనా తన కాలు తొక్కితే, తనే వాళ్లని క్షమించమంటాడు.

పుట్టింది జపాన్లో, నుమజు రేవు దగ్గర చేపలు ఎండబెట్టే ఇంట్లో. అమ్మా నాన్నా చేపల్ని చీల్చి, ఉప్పునీళ్లలో ముంచి, తడికెల మీద వరసగా పరిచేవాళ్లు. ఆ తడికెల మధ్య సందుల్లోనే తెప్పెయి బంతి తన్నడం నేర్చుకున్నాడు. బంతి పైకి లేచి ఏ చేప మీద పడితే ఆ చేప ఇక అమ్మకానికి పనికిరాదు, ఆ పూట అతని కంచంలోకే. చేపంటే విసుగు పుట్టిన పిల్లవాడు కాబట్టి బంతిని నేలకి అంటించినట్టు తన్నడం త్వరగానే వచ్చింది.

హైస్కూల్లో మట్టి మైదానం. ఆట అయ్యాక పిల్లలే పళ్లున్న కర్రలతో మట్టి చదును చేసి, వరసగా నిలబడి మైదానానికి తలవంచి నమస్కారం పెట్టి ఇంటికి పోవాలి. అక్కడి మాస్టారు నేర్పిన పద్ధతి ఇంకొకటి ఉంది. మన గోల్‌లో బంతి పడగానే, తప్పు తనదేమోనని ఏ కాస్త అనుమానం ఉన్నా చెయ్యెత్తి "నాది" అనెయ్యాలి. గోల్‌కీపర్ ఎత్తుతాడు, పక్కవాడు ఎత్తుతాడు, ఎక్కడో ముందు నిలబడ్డవాడు కూడా ఎత్తుతాడు. ఒక్కో గోల్‌కి అరడజను చేతులు లేచేవి. అసలు తప్పు ఎవరిదో మాస్టారికి తెలుసు, పిల్లలకీ తెలుసు. దాంతో ఎవరి మీదా ఎవరికీ కోపం మిగిలేది కాదు. మళ్లీ ఆట మొదలయ్యేది.

ఆ చెయ్యిని వెంటబెట్టుకునే తెప్పెయి యూరప్ వచ్చాడు. మొదట బెల్జియంలో రెండో డివిజన్. అక్కడ మోకాలు దెబ్బతిని, ఒక శీతాకాలమంతా బంగాళదుంప వేపుళ్లు తింటూ కిటికీలోంచి వాన చూశాడు. తర్వాత ఆస్ట్రియాలో కొండల మధ్య ఒక చిన్న ఊరు. అక్కడ మంచులో ఆరెంజ్ రంగు బంతితో ఆడాడు. ఊరివాళ్లు అతనికి స్కీయింగ్ నేర్పబోతే మర్యాదగా వద్దన్నాడు. మోకాలి గురించి చెప్పడానికి మొహమాటపడి, మంచంటే తనకి భయమని చెప్పాడట. ఆ తర్వాతే ఇక్కడికి, ఫుసాయె అత్త పై అంతస్తుకి.

పోయిన ఏడాది శరత్కాలంలో ఆ టీమ్‌కి కొత్త కోచ్ వచ్చాడు. పేరు లింబాఖ్. ఆయన వచ్చిన కొన్ని వారాలకే తెప్పెయి బెంచీ మీదికి చేరాడు. వేసవి రాగానే అతని కాంట్రాక్టు అయిపోతుంది. బెంచీ మీద కూర్చునేవాడికి ఎవరూ మళ్లీ కాంట్రాక్టు ఇవ్వరు. ఆ వయసులో వేరే టీమ్ కూడా పిలవదు. అంటే ఆటే అయిపోయినట్టు. తెప్పెయి ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. తన కాళ్లే మందగించాయనుకుని పొద్దున్నే నది గట్టు మీద పరుగు పెంచాడు.

ఫుసాయె అత్తకి ఏ విషయమైనా తెలియకపోతే అన్నం సహించదు. పూర్వం ఒక జపాన్ కంపెనీ వాళ్లకి వంట చెయ్యడానికి ఈ ఊరొచ్చి, ఇక్కడే పాతుకుపోయిన మనిషి. సముద్రపు నాచు చుట్టిన అన్నం ముద్దల కొట్టు ఆమెది. వీధిలో ఎవరింట్లో ఎవరికి జలుబు చేసిందో కూడా ఆమె కౌంటర్ దగ్గరే తెలుస్తుంది.

"ఏరా, నిన్నెందుకు ఆడించడం లేదు?" అంది ఒకరోజు, సూప్ గిన్నె ముందు పెడుతూ.

"నేనే సరిగ్గా ఆడటం లేదు, అత్తయ్యగారూ. క్షమించండి."

"నన్నెందుకు క్షమించమంటావు, నేనేమన్నా కోచ్‌నా? ఆయన్ని అడిగావా?"

"అలా అడిగితే బాగోదు కదండీ."

"నువ్వు అడిగితే బాగోదు. నేనడిగితే?"

తెప్పెయి చెంచా వదిలేశాడు. "అత్తయ్యగారూ, దయచేసి వద్దు."

మర్నాడు అన్నం ముద్దలు గుడ్డలో కట్టుకుని అత్త ట్రాము ఎక్కేసింది.

మైదానం కంచె దగ్గర ముద్దలు పంచిపెట్టింది. గోల్‌కీపర్ ఎన్వర్, తలుపంత మనిషి, అందరికన్నా ముందు చెయ్యి చాచాడు. తెప్పెయి దూరంగా కనిపించి, ఆమెని చూసి, బట్టలు మార్చుకునే గది వెనక్కి తప్పుకున్నాడు. అత్త నేరుగా కోచ్‌నే పట్టుకుంది.

"మా వాడు చేసిన తప్పేమిటండీ?"

లింబాఖ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేనేం తప్పు పట్టలేదమ్మా. అతనే ఒప్పుకున్నాడు. గోల్ పడ్డప్పుడల్లా చెయ్యెత్తి 'నాది, నాది' అని తలొంచుతాడు. అంతమంది ముందు ఒప్పుకున్నవాణ్ని ఎలా ఆడించమంటారు?"

"వీడియో చూసుకోలేదా?"

"చూశాను. నాకేమీ దొరకలేదు. అంత కచ్చితంగా చెబుతున్నాడంటే నాకు కనపడనిదేదో అతనికి తెలిసి ఉంటుందిలే అనుకున్నా."

ఈ మాట ఫుసాయె అత్తకే తగిలింది. తెప్పెయి చెయ్యెత్తినప్పుడల్లా స్టాండ్‌లో కూర్చుని చప్పట్లు కొట్టింది తనే మరి. "ఎంత చక్కగా పెంచారో వాళ్లమ్మ" అని పక్కవాళ్లకి చెప్పింది కూడా. తెప్పెయి దగ్గర ఎప్పుడో విన్న మట్టి మైదానం సంగతి, అరడజను చేతుల సంగతి కోచ్‌కి చెప్పింది.

ఆయన మైదానం వైపు చూపించాడు. "మరి ఇక్కడ మిగతా చేతులేవి?"

అత్త ఎన్వర్ వైపు తిరిగింది. అతను నములుతున్నాడు.

"ఏరా ఎన్వర్, మా వాడు ఆడిన ఆఖరి మ్యాచ్‌లో ఆ బంతి నీ చేతుల్లోంచే కదూ జారింది?"

"జారింది," అన్నాడు ఎన్వర్. "కానీ వాడు చెయ్యెత్తాడు. నాదంటే నాదని పోట్లాడమంటారా?"

"నా అన్నం ముద్ద ఇటియ్యి."

"సగం తినేశానత్తా."

"ఆ సగమే ఇయ్యి."

నిజంగానే లాక్కుంది. ఎన్వర్ ఖాళీ చెయ్యి చూసుకుంటూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రం ఆమె తెప్పెయికి గట్టిగా చెప్పింది, ఇక చెయ్యెత్తొద్దని. "నీది కానప్పుడు ఎత్తకు. అంతే."

"ఎవరూ ఎత్తకపోతే ఎలాగండీ?"

"ఎత్తకపోతే ఏమవుతుందిరా?"

తెప్పెయి గిన్నెలోకి చూస్తూ చెప్పాడు. "గోల్ పడ్డాక అందరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారండీ. నువ్వంటే నువ్వని, మాట్లాడకుండానే. అదొక్కటి చూడలేను. చెయ్యెత్తితే ఆ చూపులు ఆగుతాయి."

అత్త అతని గిన్నె దగ్గరికి లాక్కుంది. ఇంకో గరిటె సూప్ వడ్డించింది. ఊరుకోలేదు గానీ. ఆ రోజు నుంచి, అతని అలవాటు మాన్పించాలని వంటింట్లో కావాలనే మూతలు కింద పడేసేది. మూత ఖంగుమనగానే "క్షమించండి!" అని తెప్పెయి నోరు జారేది.

"పడేసింది నేన్రా!"

"అవునండీ. క్షమించండి."

వసంతం చివర్లో, సొంత మైదానంలో ఆఖరి మ్యాచ్. ఎడమవైపు ఆడే కుర్రాడికి చీలమండ బెణికింది. లింబాఖ్ తెప్పెయిని పిలిచి, "మొదటి నుంచీ ఆడతావు" అన్నాడు. కబురు తెలిసి మా వీధి సగం ట్రాములో కదిలింది. అత్త కొట్టు మూసి మరీ వచ్చింది.

మొదటి సగం గోల్ లేదు. తెప్పెయి కాళ్లు తేలిగ్గా కదిలాయి. అవేమీ మందగించలేదని అతనికే ఆశ్చర్యం వేసింది. రెండో సగంలో కుడివైపు నుంచి ఒక బంతి ఎత్తుగా వచ్చింది. ఎన్వర్ దాని కోసం ముందుకి దూకాడు, అందలేదు. బంతి అవతలి టీమ్‌వాడి తలకి తగిలి లోపలికెళ్లిపోయింది.

తెప్పెయికి మొహాలు కనిపించాయి. ఒకరినొకరు వెతుక్కుంటున్న చూపులు. వద్దనుకుంటూనే ఉన్నాడు, కుడిచెయ్యి దానంతటదే లేచింది, భుజం దాకా వచ్చింది. స్టాండ్‌లో ఫుసాయె అత్త "అయ్యో, దించరా!" అని అరిచింది.

వెనక నుంచి పెద్ద గ్లవ్ ఒకటి అతని మణికట్టు పట్టుకుంది.

"దించు," అన్నాడు ఎన్వర్.

"కానీ..."

"దించవయ్యా. ఇది నాది. నీ పుణ్యమా అని సగం ముద్ద పోయింది నాకు."

అని, తన చెయ్యి ఆకాశంలోకి ఎత్తాడు. అంత పొడుగు మనిషి చెయ్యెత్తితే మైదానమంతటికీ కనిపించింది. ఆ తలతో కొట్టినవాణ్ని కాపు కాయకుండా వదిలేసిన మిడ్‌ఫీల్డర్ అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూ, చెవి గోక్కుంటున్నట్టు తనదీ సగం ఎత్తాడు. తర్వాత ఇంకొకడు. గీత అవతల లింబాఖ్ అటే చూస్తున్నాడు.

చూపులు ఆగిపోయాయి. గోల్ పడ్డాక తన చేతులతో చెయ్యడానికి తెప్పెయికి ఏ పనీ లేకపోవడం అదే మొదటిసారి. వలలోంచి బంతి తీసుకుని మధ్య గీత దాకా పరుగెత్తాడు.

ఆట ముగిసే వేళకి ఎడమ గీత వెంట దూసుకెళ్లి, ఒక బంతి లోపలికి తన్నాడు. అది నేలని వదల్లేదు. ఎండబెట్టిన చేపల మధ్య సందులో పోయినట్టు, డిఫెండర్ల కాళ్ల మధ్య నుంచి పోయి సరిగ్గా తమవాడి పాదం ముందు ఆగింది. అతను ముట్టుకుంటే చాలు, గోల్. మ్యాచ్ సమానమైంది. మా వీధివాళ్లు గెలిచినట్టే గంతులేశారు.

చీకటి పడకముందే ఇల్లు చేరిన అత్త, కొట్టు తలుపు తెరిచి, బియ్యం కడుగుతూ, నిమిషానికోసారి వీధిలోకి తొంగి చూస్తోంది. మ్యాచ్ అయ్యాక కోచ్ తెప్పెయిని లోపలికి పిలిచాడని మాత్రం ఆమెకి తెలుసు. ఎంతకీ రాడే. చివరికి వచ్చాడు. గుమ్మంలోనే ఆగి, నడుము వంచి నమస్కారం పెట్టాడు.

"క్షమించండి, అత్తయ్యగారూ."

ఆమె చేతిలో బియ్యం నీళ్లలోకి జారిపోయాయి. "ఏమైందిరా? ఏమన్నాడు?"

"ఇంకో ఏడాది మిమ్మల్ని ఇబ్బంది పెట్టాల్సి వచ్చేలా ఉందండీ."

తడిగుడ్డ తీసి అతని మీదికి విసిరింది. "ఆ మాట ముందు చెప్పి, తర్వాత ఏడవొచ్చుగా! గుండె ఆగిపోయింది!"

"క్షమించండి."

అతని వెనక గుమ్మం నిండా ఎన్వర్ నిలబడి ఉన్నాడు. "అత్తా," అన్నాడు చెయ్యి చాచి, "నా సగం."

ఫుసాయె అత్త అన్నం కుండ మూత తీసింది, అతని చేతికి సరిపడే ముద్ద చుట్టడానికి.