ష్పయర్‌కు నీడ దారి

పార్థసారథి గారు ష్పయర్ ఊళ్లో ఏ సందు ఎక్కడ మలుపు తిరుగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలరు. ఆ ఊరికి ఆయన ఎన్నడూ వెళ్ళలేదు. జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న పాత ఊరది. వెయ్యేళ్ళ నాటి పెద్ద కేథడ్రల్ ఉండబట్టి దానికంత పేరు. ఈయన ఉండేదేమో సింగపూర్‌లో, వుడ్‌ల్యాండ్స్‌లో, మా బ్లాకులోనే పదకొండో అంతస్తులో. సాయంత్రాలు బ్లాకు కింద రాతి బల్ల దగ్గర కూర్చుని కొద్దికొద్దిగా చెప్పుకొచ్చిన కథ ఇది. ఒక్కోరోజు రెండు మాటలు చెప్పి లేచిపోయేవారు. మర్నాడు ఆ రెండు మాటల దగ్గరే మళ్ళీ మొదలుపెట్టేవారు.

ఆయనది ఏలూరు. పాలిటెక్నిక్‌లో డ్రాఫ్ట్స్‌మన్ చదువు చదివి, పాతికేళ్ళ కిందట ఇక్కడి ఓడల కార్ఖానాకు బొమ్మలు గీసే పనికి వచ్చారు. ఓడ కడుపులో ఏ గొట్టం ఎటు పోతుందో గీసేవారట. ఆ పని తగ్గిపోయాక కంప్యూటర్ మీద పటాలు చెయ్యడం తనంతట తానే నేర్చుకుని, జురాంగ్ ఈస్ట్ స్టేషన్ పక్కన ఒక చిన్న కంపెనీలో చేరారు. పాత ఊళ్లు చూడబోయేవాళ్ళ ఫోన్లలో పెట్టే నడక పటాలు ఆ కంపెనీ చేస్తుంది. చెవిలో గొంతు చెబుతూ ఉంటుంది, మనం నడుస్తూ ఉంటాం. ఎక్కడ తిరగాలి, ఎక్కడ ఆగాలి, ఎన్ని నిమిషాలు ఆగాలి, అంతా ముందే రాసిపెడతారు. ఆయనకు అప్పజెప్పిన మొదటి ఊరు ష్పయర్. ఏడేళ్ళు దాని మీదే ఉన్నారు.

పని కోసం మొదలుపెట్టిన చదువు పనిని దాటిపోయింది. లైబ్రరీలో దొరికినవీ, పాత పుస్తకాలమ్మే చోట దొరికినవీ చదివారు. జర్మన్ కూడా అక్షరాల దగ్గర్నుంచి నేర్చుకున్నారు. రైన్ పడమటి గట్టున వరద ఎక్కని కాస్త మెరక నేల చూసుకుని ఊరు వెలిసిందని చెప్పేవారు. ఆ నది ఒకప్పుడు వంకరలు తిరుగుతూ పారేదట. రెండువందల ఏళ్ళ కిందట ఇంజనీర్లు వంకరలు కోసేసి తిన్నగా చేశారు. కోసేసిన పాత వంకల్లో ఇప్పటికీ నీళ్ళు నిలిచి ఉన్నాయట. వెయ్యిన్నీ ముప్ఫై ప్రాంతంలో కొన్రాడ్ అనే రాజు కేథడ్రల్‌కు పునాది వేశాడు. ఎనిమిదిమంది రాజులనూ చక్రవర్తులనూ దాని కిందే పాతిపెట్టారు. దాని పొడవు నూటముప్ఫై నాలుగు మీటర్లు. మా బ్లాకు కింద స్తంభాల మధ్య ఖాళీ జాగాను ఇక్కడివాళ్ళు వాయిడ్ డెక్ అంటారు. అది ఈ కొస నుంచి ఆ కొసకు తొంభై మీటర్లు కూడా లేదు. అందుకని ఆయన ఆ కొసదాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, పై అంతస్తుల చెత్త జారే గొట్టం దాకా వచ్చి ఆగేవారు. అక్కడికి నూటముప్ఫై నాలుగు మీటర్లు నిండి గర్భగుడి వస్తుంది. కాయగూరలు మోసుకొస్తున్న చైనా అవ్వలు ఆయన్ని చూసి వాకింగ్ అనుకుని మెచ్చుకునేవారు.

పదహారువందల ఎనభై తొమ్మిదిలో ఫ్రెంచి సైన్యం ఊరు తగలబెట్టబోతూ, జనానికి కొద్దిరోజుల గడువిచ్చి పొమ్మంది. కేథడ్రల్‌ను ముట్టుకోరనుకుని జనం మంచాలూ పెట్టెలూ కుర్చీలూ తెచ్చి లోపల కప్పు ఎత్తున పేర్చారు. నిప్పు అక్కడికీ పాకింది. అన్ని ఇళ్ళ కట్టె ఒక్కచోట దొరికేసరికి రాతి కప్పులు సగం కూలిపోయాయి. ఇది చెప్పినప్పుడు పార్థసారథి గారి గొంతు, తన సామానే అక్కడ కాలిపోయినట్టు ఉండేది.

భార్య ఉమ గారు పిల్లల సెంటర్‌లో పని చేస్తారు. మనిషి నెమ్మది, మాట మాత్రం సూటి. రెండువేల ఇరవై మూడు జూన్‌లో ఆవిడ చెల్లెలి కూతురి పెళ్ళికి ఆవిడా వాళ్ళమ్మాయి అనన్యా రాజమండ్రి వెళ్ళారు. ఈయన వెళ్ళలేదు. సమాధుల గది పటం ఆ నెలాఖరుకే ఇవ్వాలి. పెళ్ళిలో మీ ఆయనేరని అడిగినవాళ్ళందరికీ ఆవిడ ఒకటే జవాబు చెప్పారట: "ఆయన జర్మనీలో ఉన్నారండీ. రాత్రి భోజనానికి మాత్రం వుడ్‌ల్యాండ్స్ వస్తారు."

మరుసటి ఏడాది మార్చిలో జర్మనీ క్లయింటు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పటం అంతా బాగుంది, దారే అర్థం కాలేదు అని. ఊరి పాత గోపుర ద్వారం నుంచి కేథడ్రల్ దాకా వెడల్పాటి రాజవీధి ఒకటి తిన్నగా ఉంది. చక్రవర్తులు ఊరేగింది దాని మీదే. ద్వారం కింద నిలబడగానే వీధి చివర కేథడ్రల్ ముఖం కనిపిస్తుంది, నడుస్తుంటే పెద్దదవుతూ వస్తుంది. ఈయన గీసిన దారి అలా పోదు. పక్క సందుల్లో, ఇళ్ళ వెనకగా, గోడల నీడ పట్టుకుని పోయి చివరికి కేథడ్రల్ పక్కటెముకల దగ్గర తేలుతుంది. మనుషుల్ని ఇలా దాచి తీసుకెళ్ళింది ఎవరు అని అడిగారు.

ఇక్కడ పాతికేళ్ళు బతికినవాడు దారి గీస్తే అలాగే గీస్తాడు. ఇంటి నుంచి స్టేషన్ దాకా కప్పు కింద నడుస్తాం. కప్పు లేనిచోట చెట్టు కింద, చెట్టు లేకపోతే గోడ నీడన. ఎండలోకి మనుషుల్ని నడిపించడం ఆయనకు మర్యాదగా తోచలేదు. ష్పయర్‌లో ఏడాదిలో సగం ఎండే దొరకదని పుస్తకంలో చదివారు కాని, ఆ చదివింది కాళ్ళలోకి దిగలేదు.

ఉత్తరం చివర ఇంకో మాట ఉంది. ఈ పటం చేసిన మనిషిని ఏప్రిల్‌లో పదిరోజులు పంపండి, ఒకసారి ఊళ్లో నడిచి దారి తనే మార్చుకుంటాడు, టికెట్ మేమే పెట్టుకుంటాం అని.

ఆ వారమంతా ఆయన లిఫ్టులో ఎదురైన ప్రతివాళ్ళకీ ముందుగా నమస్కారం పెట్టారు.

టికెట్ల పని నిఖిలది. వరంగల్ అమ్మాయి, ఇరవై ఆరేళ్ళు, ఆఫీసులో ఫొటోల పనీ ప్రయాణాల కాగితాల పనీ చూస్తుంది. మళ్ళీ దేశంలోకి రావడానికి అనుమతి పత్రం కాపీ ఇవ్వమని అడిగింది. ఆయన జేబులోంచి నీలం కార్డు తీసిచ్చారు.

"ఇది కాదు అంకుల్. ఇది ఇక్కడ ఉండనీకి. బయటికి పోయి మళ్ళ వచ్చేదానికి వేరేది ఉంటది గదా."

శాశ్వత నివాసికి ఇచ్చే నీలం కార్డు మీద గడువు తేదీ ఉండదు. తేదీ లేదు కాబట్టి ఇక దేనికీ తేదీ లేదని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. రెండో పత్రం అయిదేళ్ళకోసారి కొత్తది తీసుకోవాలి. ఊళ్ళకు వస్తూ పోతూ ఉండేవాళ్ళకు అది తప్పకుండా గుర్తొస్తుంది. ఈయన పత్రం ముందటి ఆగస్టులోనే చెల్లిపోయింది. పెళ్ళికి బయల్దేరేముందు ఉమ గారు తనదీ కూతురిదీ తీసుకున్నారు, ఈయనదీ అడిగారు కూడా. పటం పంపాక చూద్దాంలే అన్నారట.

ఆ పత్రం లేకుండా విమానం ఎక్కవచ్చు, ఎవరూ ఆపరు. అప్పటి నియమం ప్రకారం, ఎక్కిన క్షణం నుంచీ ఆయన ఇక్కడి మనిషి కాదు. పాతికేళ్ళు పోతాయి. ఇల్లు ఇద్దరి పేరా ఉంది కనక ఇంటికీ చిక్కే. వెంటనే దరఖాస్తు పెట్టారు. చాలామందికి కొద్దిరోజుల్లోనే వస్తుంది. కోవిడ్ తర్వాత కంపెనీ ఈయన్ని నెల జీతం నుంచి కాంట్రాక్టులోకి మార్చడంతో ఇంకా కాగితాలు కావాలన్నారు. ఇచ్చారు. రోజూ పొద్దున్నే చూసేవారు, పరిశీలనలో ఉందని కనిపించేది.

వాళ్ళ వంటింటి కిటికీలోంచి మలేషియాలోని జొహోర్‌కు పోయే వంతెన కనిపిస్తుంది. శనివారాల్లో సగం వుడ్‌ల్యాండ్స్ ఆ గట్టుకు వెళ్ళి తిని, కొనుక్కుని వస్తుంది. కూతురు అనన్య పాలిటెక్నిక్ స్నేహితులతో వెళ్ళేది. పోతూ పోతూ, "పప్పా, వెయిట్ చెయ్ లా, వచ్చేస్తుంది," అనేది. ఎన్నో ఏళ్ళుగా ఆయన అటు వెళ్ళిందే లేదు, వెళ్ళాలని అనిపించిందీ లేదు. ఆ మార్చిలో మాత్రం కిటికీ దగ్గర నిలబడి బస్సులు లెక్కపెట్టేవారట. ఉమ గారు పరదా వేస్తే మళ్ళీ తీసేవారు.

ఒకరోజు అన్నం తింటూ ఒక కథ చెప్పారు. కేథడ్రల్ ముందు పెద్ద రాతి గిన్నె ఉంది. కొత్త బిషప్ వచ్చినప్పుడు దాన్నిండా ద్రాక్షసారా పోసి ఊరందరికీ పోస్తారు. ఊరివాళ్ళ అధికారం ఆ గిన్నె దాకానే, దాటితే బిషప్ హద్దు. ఊళ్లో నేరం చేసి పరిగెత్తినవాడు గిన్నె దాటి అవతల పడితే శరణు దొరికేది, ఇక ఊరి భటులు ముట్టుకోకూడదు.

ఉమ గారు విని, చారు వడ్డిస్తూ అడిగారు. "మరి వాడు మళ్ళీ ఇంటికెళ్ళాడా?"

 ఆ సంగతి ఏ పుస్తకంలోనూ రాయలేదు.

ప్రయాణానికి నాలుగు రోజులుందనగా, ఏమైతే అయింది వెళ్ళిపోతానన్నారు. పదిరోజులే కదా, తిరిగొచ్చి చెప్పుకుంటే వినరా అన్నారు. ఉమ గారు గొంతు పెంచలేదు, ఏడవలేదు. టవల్ మడతపెడుతూ అన్నారు: "వెళ్ళండి. నేను ఆపను. మీరొచ్చేసరికి ఈ ఇంటి తాళం ఎవరి దగ్గర ఉంటుందో మాత్రం నన్నడక్కండి."

మర్నాడు ఆఫీసులో ఆయనే చెప్పారు, నా బదులు నిఖిలను పంపండి అని.

అనుమతి జూలైలో వచ్చింది, ఒక్క ఏడాదికి. అప్పటికి ఆ క్లయింటు పని అయిపోయింది. వచ్చే ఏడాది మళ్ళీ అడగాలంటే నిలకడైన ఉద్యోగం చూపించాలి కాబట్టి, కట్టడాల బొమ్మలు గీసే ఇంకో ఆఫీసులో చేరారు. కొత్త చోట సెలవడగడానికి ఇప్పటికీ జంకుతున్నారు. పత్రం బీరువాలో భద్రంగా ఉంది. చెప్పాల్సింది మాత్రం ఏప్రిల్‌లోని ఆ మంగళవారం సంగతి.

ఇక్కడ సాయంత్రం నాలుగు, అక్కడ ఉదయం పది. ఆయన ఫోను పట్టుకుని వాయిడ్ డెక్‌లో కూర్చున్నారు. బయట కుండపోత వాన. స్టేషన్ నుంచి వచ్చేవాళ్ళు కప్పు దారిలో ఒకరినొకరు ఒరుసుకుంటూ వస్తున్నారు. నిఖిల ద్వారం కింద నిలబడి ఫోను చేసింది. చలి కొరుకుతోందట, ఎండ మాత్రం బ్రహ్మాండంగా ఉందట. వీడియో పెడతానంటే వద్దన్నారు. ఫోను కోటు జేబులో వేసుకుని రాజవీధిలో తిన్నగా తూర్పుకు నడువు, ఏమీ చెప్పకు అన్నారు.

ఆ అమ్మాయి నడిచింది. ఈయన విన్నారు. రాళ్ళ మీద బూట్ల చప్పుడు, సైకిల్ గంట, కప్పులూ సాసర్లూ, ఎవరో పసివాడి పేచీ. అడుగులు లెక్కపెడుతూ వచ్చారు. మూడువందలు దాటాక చప్పుడు ఆగింది.

"ఎందుకాగావమ్మా?"

"కుర్చీలేసిండ్రు అంకుల్. అందరు ఎండకు మొహం పెట్టి కండ్లు మూసుకుని కూసున్నరు. పిల్లులు కూసున్నట్టు."

"వీధికి ఏ వైపు?"

"ఎండ పడే దిక్కే. నీడ దిక్కు పురుగు గూడ లేదు. ఇంత చలిల ఎవరన్న నీడకు పోతరా?"

పటంలో ఆయన మంచి వైపు అని గుర్తుపెట్టింది ఆ నీడ వైపునే. ఇక్కడ సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అక్కడ దక్షిణంగా వంగి, వీధికి ఒక్క వైపే వెచ్చబెడతాడు. ఆయన నవ్వడం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేకపోయారు. గొడుగు తెచ్చిన ఉమ గారు పక్కన నిలబడి చూస్తున్నారు. నెలరోజులైందట ఆ నవ్వు విని.

మిగతా వీధంతా నడిచి నిఖిల కేథడ్రల్ మెట్ల దగ్గరికి చేరింది. తలెత్తి పైదాకా చూసింది. తర్వాత అంది, "దర్వాజ తెరిచే ఉంది అంకుల్. లోపలికి పోయి మొత్తం చూపియ్యనా?"

వాన హోరులో ఆయన మాట నిఖిలకు సరిగా వినబడలేదు. మళ్ళీ అన్నారు.

"వద్దమ్మా. లోపలికి నేనే వెళ్తాను."

"ఎప్పుడొస్తరు?"

 ఆయన ఆ అమ్మాయిని వెనక్కి వెళ్ళి ఆ కుర్చీల్లో ఎండ పడేచోట కూర్చోమన్నారు. లేవాలనిపించేదాకా కూర్చో, లేచినప్పుడు చెప్పు, అంతే అన్నారు. అది పనికి కావాలి. ఆ వీధిలో ఆగే చోటే ఆయన పెట్టలేదు, ఎన్ని నిమిషాలో రాయలేదు.

నిఖిల కాఫీ చెప్పి, ఫోను బల్ల మీద పెట్టి కూర్చుంది. ఉమ గారు రాతి బల్లకు అవతల కూర్చున్నారు. వాన తగ్గలేదు. చివరికి ఆ అమ్మాయి లేస్తున్నానంది, ముక్కు కాలిందని కూడా చెప్పింది. ఆయన పైకి వెళ్ళి సందుల దారి మొత్తం చెరిపేశారు. రాజవీధి గీసి, ఉత్తరం వైపు కుర్చీల దగ్గర చుక్క పెట్టి, నలభై నిమిషాలు అని రాశారు. ఏ పటంలోనూ ఎవరూ ఒకచోట అంతసేపు ఆపరని ఆఫీసులో అభ్యంతరం చెప్పారు. ఆయన మార్చలేదు. ఆ నలభై నిమిషాలూ ఆయన ఫోను చెవి నుంచి తియ్యలేదని ఉమ గారు చెప్పారు.