మాట్లాడనన్న మేనకోడలు

మొన్న పలాసలో జవాన్ల భార్యల కోసం పెట్టిన సమావేశంలో మా మరదలు మైకు పట్టుకుంది. నలుగురు చుట్టాలొస్తే వంటింట్లో దూరే మనిషి, హాలు నిండా ఆడవాళ్లున్నా తడబడలేదు. "ఆయన బోర్డర్లో కాపలా. మనం ఇంటికాడ కాపలా. కాసినోళ్లకి అలుపు రాదేటి? నోరిప్పి సెప్పుకుందాం, తప్పు నేదు" అంది. ఆడపడుచు హోదాలో బిగుసుకు కూర్చుందామనుకున్నాను గానీ, అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.

కిందటేడు వేసవిలో ఆవిడ ఇంటి సంగతి వేరు. మా తమ్ముడున్న సరిహద్దులో గొడవలు ముదిరి ఫోన్లు ఆగిపోయాయి. ఉద్దానంలో వాళ్లుండే మా పుట్టింటికి నేను తోడుగా వెళ్లాను. చుట్టూ జీడితోటలు. జీడిపిక్కలు ఏరేవాళ్లు లేక, రాలిన పళ్లు కుళ్లి పుల్లటి వాసన వాకిట్లోకి కొట్టేది. మరదలు టీవీ ముందు నుంచి లేచేది కాదు. కంచంలో అన్నం ఎండిపోయేది.

కొన్నాళ్లకి ఫోన్లు వచ్చాయి. తమ్ముడు క్షేమం. కానీ మూడో తరగతి చదివే నా మేనకోడలు, తండ్రంటే ప్రాణం పెట్టే పిల్ల, ఫోను మోగితే చాలు గదిలోకి పోయి తలుపేసుకునేది. గాలి సోకిందన్నారు ఊళ్లో పెద్దవాళ్లు. ఒకావిడ దిష్టి తీసింది, ఇంకొకావిడ తాయెత్తు కట్టింది. మెడా చేతులూ తాయెత్తులతో నిండాయి గానీ పిల్ల నోరు విప్పలేదు.

సైనికుల కుటుంబాల మనసులో బాధ విని ధైర్యం చెప్పే కౌన్సిలరు ఒకావిడ వారం వారం టెక్కలి వస్తుందని తెలిసింది. మరదలు ససేమిరా అంది. "మనకేటైనాది వదినా? ఊరంతా పిచ్చోళ్లంటారు."

"అననీ. పన్ను నొప్పెడితే డాక్టరు కాడికెల్లమా? రా" అని తల్లీకూతుళ్లని ఆటో ఎక్కించాను. దారంతా మరదలు ఎవరైనా చూస్తారేమోనని కొంగు ముఖమ్మీదికి లాక్కుంటూనే ఉంది.

ఆ కౌన్సిలరూ జవాను భార్యే. ప్రశ్నలేమీ వెయ్యలేదు. పిల్లతో పాటు నేల మీద కూర్చుని బొమ్మలు గీస్తూ ఉండేది. కొన్ని వారాలయ్యాక ఒకనాడు పిల్ల తలెత్తకుండానే అంది: "ఆ రోజు నాన్న మీద కోపమొచ్చి ఫోను పెట్టీసినాను. అందుకే ఫోన్లు ఆగిపోనాయి. మళ్లీ మాటాడితే నాన్నకి ఏటైనా అయిపోతాది."

మరదలు పిల్లని ఒళ్లోకి లాక్కుంది. "నీ వల్ల కాదమ్మా. అక్కడందరి ఫోన్లూ ఆగిపోనాయి. నాకూ బయమేసింది. నీకు సెప్పకుండా దాసుకున్నాను."

ఆ రోజు నుంచి ఇంట్లో టీవీ వార్తలు బంద్. భయమేస్తే ఒకరికొకరు చెప్పుకోవాలన్నది నియమం. తల్లీకూతుళ్లు తోటలో పిక్కలేరుతూ మాట్లాడుకునేవారు. ఒక ఆదివారం అక్కడే ఫోను మోగింది. పిల్ల తల్లి చేతిలోంచి లాక్కుని, "ఎందుకలా సిక్కిపోనావు నాన్నా? తింతన్నావా నేదా?" అని మొదలుపెట్టింది. బడి, కుక్కపిల్ల, నా గురక, ఏదీ వదల్లేదు. మంచులో తుపాకీ పట్టుకుని నిలబడే మా తమ్ముడు తెర మీద బావురుమన్నాడు.

"ఏడవకు. నాను పెట్టీసినా నువ్వు మళ్లీ సేత్తావు, నాకు తెల్సు" అని, తనే టక్కున పెట్టేసి, పందెం నెగ్గినదానిలా మావైపు చూసి నవ్వింది.

ఆ నవ్వు చూశాక మా మరదలు ఆగలేదు. మా తీరంలో భావనపాడు నుంచి డొంకూరు దాకా, ఏ జవాను ఇంట్లో పిల్ల ముభావంగా ఉందన్నా స్కూటీ వేసుకుని బయల్దేరుతుంది. తమ్ముడు ఇప్పుడు అంతకంటే దూరంలో ఉన్నాడు. ఎదురుచూపు తగ్గలేదు. కాకపోతే, మాటల్లేని ఇంట్లో పూట ఏడాదిలా సాగుతుందనీ, మాటలున్న ఇంట్లో ఏడాదైనా పూటలా గడుస్తుందనీ ఈ వయసులో తెలుసుకున్నాను.