నందివర్ధనం ఉన్న చోటు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి కుర్రకారు ఆవరణ బాగుచేసే పనికి దిగారు. వాళ్లలో వట్లూరు కాలేజీలో చదివే ఒకమ్మాయి, సమాధుల మధ్య మొలిచిన ప్రతి మొక్క దగ్గరా ఆగి, ఇది తీసెయ్యొచ్చాండీ, ఎవరైనా కావాలని పెట్టుకున్నదాండీ అని పెద్దవాళ్లను అడుగుతూ నా దాకా వచ్చింది. ఎండగా ఉందని వంక చెప్పి ఇంటికి వచ్చేశాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఉంగుటూరు చుట్టుపక్కల మా ఊళ్లలో వానాకాలమంతా చర్చి ఆవరణలో మోకాల్లోతు నీళ్లు నిలిచేవి, శవపేటికను భుజాల మీద ఎత్తుకుని ఆ నీళ్లలోనే నడిచేవాళ్లం. నేను తాడేపల్లిగూడెం రైసుమిల్లులో గుమాస్తాగా చేరిన కొత్తలో, వేసవిలో కాలువలు కట్టేయగానే, అడుగున మేటవేసిన మట్టి తోలి ఆ పల్లాన్ని మెరక చెయ్యాలని మా ఈడు వాళ్లం పదిమందిమి పూనుకున్నాం. కూలి లేని పని కనుక ఉత్సాహానికి కొదవ లేదు, పైగా కుర్చీలో కూర్చునే గుమాస్తా పార పట్టగలడా అని మా బావ ఎగతాళి చేయడంతో నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. రాళ్లున్న సమాధుల చుట్టూ జాగ్రత్తగానే మట్టి సర్దాం. తూర్పు గోడ వారన పొదలు మాత్రం అడ్డమనిపించి, కత్తి పుచ్చుకుని అన్నీ నరికి, వేళ్లతో సహా పెకలించి, పైన మూడు బళ్ల మట్టి పోయించాను.

ఆ రోజుల్లో పసిబిడ్డ పోతే రాయి పెట్టించే స్తోమత మాలో ఎవరికీ ఉండేది కాదు, తలవైపున ఒక మొక్క నాటి ఊరుకునేవారు. నేను ఏలూరు హాస్టల్లో ఉండగా మా చెల్లి తొమ్మిది నెలలకే జ్వరంతో పోయింది. తూర్పు గోడ వారన దాన్ని పూడ్చిన చోట అమ్మ నందివర్ధనం నాటిందని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మధ్యాహ్నం అమ్మ మాకందరికీ కుండతో మజ్జిగ తెచ్చింది. గోడ వైపు చూసింది. తరవాత అందరికీ వరసగా పోసింది, నాకు కూడా. సాయంత్రం ఇంటికి వెళ్లాక నాన్న చెబితే గాని నేను చేసిన పని నాకు తెలియలేదు. పరుగున వెళ్లి చూశాను గాని, చదును చేసిన నేలలో ఏ చోటని గుర్తుపట్టను? గోడకు తల ఆనించి ఏడ్చాను.

ఆ ఏడు సమాధుల పండుగకు అమ్మ గోడ మొదట్లో కొవ్వొత్తి వెలిగించింది. మరుసటి ఏడు దానికి అడుగు దూరంలో. ఆ పై ఏడు ఇంకో అడుగు. ఎందుకలా అని అడగలేక అడిగాను.

"ఏదో ఒక ఏడు దాని దగ్గరే వెలుగుతుంది కదా నాన్నా. నువ్వు మనసులో పెట్టుకోకు," అంది.

గోడ చివరి దాకా వెళ్లి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి, సగం దూరంలో ఉండగా అమ్మ పోయింది. మిగతా అడుగులు నేను వేస్తున్నాను.

ఇప్పుడు పసిబిడ్డకైనా నల్లరాయి మీద ఫొటో చెక్కిస్తున్నారు, ఆవరణలో చుక్క నీరు నిలవడం లేదు. ఈ కాలం పిల్లలకు దేనికీ ఓపిక లేదని మనం అనుకుంటాం గాని, ఆ అమ్మాయి అడిగిన మాట ఆనాడు నేను మా ఇంట్లో ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. రేపు వెళ్లి తనకు జవాబు చెప్పాలి, తూర్పు గోడ వారన తీయడానికి మొక్కలేమీ లేవని.